పుంజుకి కాపడం, గుర్రానికి కొరడా

సంక్రాంతి ఇంకా నాలుగు నెలలుందనగానే భీమవరం చుట్టుపక్కల పుంజుల మకాంలలో పని మొదలవుతుంది. తెల్లారకముందే లేపి నడిపిస్తారు. ఊపిరి నిలబడాలని తొట్టిలో వదిలి ఈత కొట్టిస్తారు. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో ఒళ్లంతా కాపడం పెడతారు. తొడల మీద వేళ్లతో నొక్కి కండ బిగిసిందో లేదో చూస్తారు. బాదంపప్పు, జీడిపప్పు, మటన్ ఖైమా, ఉడకబెట్టిన గుడ్డు వేళకి అందుతాయి. పుంజు కాలు కాస్త ఎత్తి వేసిందంటే చాలు, ఆ రోజుకి కసరత్తు బంద్. మంచాన పడ్డ తండ్రి పక్కన పది నిమిషాలు కూర్చోని కొడుకు దాని గోళ్ల సందుల్లో ముల్లుందేమోనని గంటసేపు వెతుకుతాడు. డేగ పుంజుకి ఏం పెట్టాలి, కాకి పుంజుకి ఎప్పుడు నీళ్లు పట్టాలి, నెమలి పుంజుని ఏ జామున నడిపించాలి, అన్నీ నోటికొచ్చు. ఇంత చేసి చివరికి దాని కాలికి కత్తి కట్టి చంపించుకోవడం వేరే గోల. ఆ కోపం ఇంకోరోజు.

ఈ గోదావరి డెల్టాలో జంతువుకి వ్యాయామం, విశ్రాంతి, మాలిష్, కాపడం, తిండి నియమం అంటే ఏమిటో తెలియనివాడు లేడు. బాగా తెలుసు. కాకపోతే పందెం కాసిన చోటే తెలుసు. అదే ఊళ్లో, నెల తిరక్కుండా మాఘమాసం పెళ్లికి పట్నం నుంచి తెచ్చిన తెల్లగుర్రం ముందుకాలు నేలకి ఆనించలేక నిలబడితే, దాని కాలెత్తి చూసే చెయ్యి ఒక్కటి లేదు. తెలియక చెయ్యకపోతే సరే అనుకుందును. తెలిసి తెలిసి చెయ్యకపోవడానికి వేరే పేరుంది, అది రాస్తే పత్రికవాళ్లు వెయ్యరు.

ఆ గుర్రానికి ఆ రోజు ఎలా గడుస్తుందో పెళ్లివారికి పట్టదు కనక నేను చెబుతాను. ముహూర్తం రాత్రికైనా మధ్యాహ్నమే బయల్దేరదీస్తారు. చిన్న ట్రాలీలో, తల కిందికి దించే వీల్లేకుండా పొట్టి తాడుతో కట్టి, గతుకుల్లో ముప్ఫై నలభై కిలోమీటర్లు తోలుకొస్తారు. బ్రేకు పడ్డప్పుడల్లా అది నాలుగు కాళ్లూ బిగబట్టి నిలదొక్కుకోవాలి. మనకి ప్రయాణమంటే కూర్చోవడం, దానికి ప్రయాణమంతా పనే. దిగాక మండపం వెనక జనరేటరు పక్కన కట్టేస్తారు, ఖాళీ ఉండేది అక్కడే కనక. వంటవాళ్ల దగ్గర బకెట్లుంటాయి, డెకరేషను వాళ్ల దగ్గర ఉంటాయి. అందులో ఒక్కటి తీసి దాని ముందు నీళ్లు పెట్టమని ఏ మేనమామకీ తోచదు. ఐదారు గంటలు గడ్డిపోచ ఉండదు. రాత్రి తొమ్మిదింటికి అద్దాల జీను, జరీ గుడ్డ, నుదుట కుచ్చులు, కాళ్లకి గజ్జెలు. ఆ పైన ఎనభై కిలోల పెళ్లికొడుకు. ఒక్కోసారి ఒళ్లో తోడుపెళ్లికొడుకు పిల్లాడు కూడా. ముందు డీజే బండి, వెనక జనం, నెత్తిన డ్రోను, కాళ్ల దగ్గర థౌజండ్‌వాలా.

అసలు మనవైపు ఊరేగింపంటే ఎక్కువగా పల్లకీ, మేనా, ఆ తర్వాత పూలు కట్టిన కారు. గుర్రం ఈ మధ్య సినిమాల్లోంచీ బరాత్ వీడియోల్లోంచీ దిగింది. దిగనివ్వండి, ఆచారాలు మారతాయి, దానికి నేనేడవను. గుర్రాన్ని తెచ్చుకున్నవాళ్లం దాన్ని చూసుకునే పద్ధతిని మాత్రం ఉత్తరాదిలోనే వదిలేసి వచ్చాం. అక్కడ మాత్రం ఏమంత గొప్పగా చూస్తారులెండి.

నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం, ఆ కాలు నేలకి తగిలినప్పుడు తల పైకెత్తుతుంది. మంచికాలు పడ్డప్పుడు దించుతుంది. నొప్పికాలి మీద భారం తగ్గించుకోవడానికి దానికున్న ఉపాయం అదొక్కటే. గుర్రాల డాక్టరు ఎవరైనా కుంటుని మొదట పట్టేది ఆ తల ఊపులోనే. మన ఊరేగింపులో అదే ఊపు చూసి, "ఒరే చూడ్రా, గుర్రం డీజేకి స్టెప్పులేస్తోంది" అంటారు. ఫోన్లు లేస్తాయి. రీలు అవుతుంది. తెల్లారేసరికి లైకులు. ఒక మూగజీవి నొప్పితో కుంటుతుంటే నాట్యమనుకుని ఈలలు వేసే దశకి చేరాం మనం. ఆ జనంలో డిగ్రీలు చదివినవాళ్లుంటారు, ఎముకల డాక్టర్లు కూడా ఉంటారు.

గుర్రం కాలు గురించి నాలుగు ముక్కలు తెలిస్తే ఈ కోపం మీకూ వస్తుంది. మనిషి చెయ్యి కాలర్ బోన్ ద్వారా ఒంటిని పట్టుకుని ఉంటుంది. గుర్రానికి ఆ ఎముకే లేదు. ఛాతీ మొత్తం రెండు ముందుకాళ్ల మధ్య కండరాల ఆసరాతో వేలాడుతుంది. ఒంటి బరువులో దాదాపు అరవై శాతం ఆ రెండు కాళ్ల మీదే. మోకాలి కిందికి వస్తే కండ అన్నది లేనట్టే. ఎముక, జనం నరాలనే స్నాయువులు, పైన చర్మం, అంతే. స్నాయువులకి రక్తప్రసారం తక్కువ. ఒకసారి చిరిగితే మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. మానినా పాత సాగుడు రాదు. మచ్చ కట్టినచోట గట్టిపడి, మళ్లీ అక్కడే తెగుతుంది. అలాంటి కాళ్లని పల్లెపల్లెకీ వేసిన సిమెంటు రోడ్ల మీద, ఇనప లాడాలతో, జారుతున్నా ఆపకుండా రెండేసి గంటలు తొక్కిస్తాం. మర్నాడు వాపు కనిపిస్తే మళ్లీ సాయంత్రానికి నిలబడేలా నొప్పి తెలియని ఇంజెక్షన్ ఒకటి. నొప్పి తెలియకపోతే అది ఆ కాలి మీద ఇంకా గట్టిగా బరువు వేస్తుంది. చిన్న చిరుగు పెద్దదయ్యేది ఆ సాయంత్రమే.

గుర్రం నిలబడే నిద్రపోతుందన్నది మనందరికీ తెలిసిన సగం నిజం. కునుకు నిలబడి తీస్తుంది. గాఢనిద్రకి మాత్రం పడుకోవాల్సిందే, రోజుకి అరగంటో గంటో. పడుకోవాలంటే పొడినేల కావాలి, భయం లేకుండా ఉండాలి. డెల్టాలో వర్షాకాలం నాలుగు నెలలూ దాన్ని కట్టే చోటు బురదే. అది పడుకోదు. రోజుల తరబడి గాఢనిద్ర లేక, నిలబడ్డది నిలబడ్డట్టే తూలి ముందుకాళ్ల మీద కూలబడి, ఉలిక్కిపడి లేస్తుంది. ముందుకాళ్ల కీళ్ల మీద ఆ దెబ్బల మచ్చలు పడతాయి. ఈసారి పెళ్లి గుర్రం కనిపిస్తే కాళ్లకి కట్టిన గజ్జెలు కాస్త పైకి తోసి చూడండి. బురదలోనే నిలబడితే గిట్ట అడుగున మెత్తటి భాగం కుళ్లి వాసన వస్తుంది. ఆ వాసనకి కూడా అత్తరు చల్లి తీసుకొస్తారు, ఏం చెప్పను.

ఇక తిండి. ఇక్కడ మన సిరి మనల్నే వెక్కిరిస్తుంది. మండపేట, తాడేపల్లిగూడెం వైపు రైస్‌మిల్లులకి లోటు లేదు, తవుడుకి కొదవ లేదు. కనక గుర్రానికీ తవుడే, వరిగడ్డే. గేదె తిని పాలిస్తోందిగా, గుర్రానికేం రోగం అనుకుంటారు. గేదె కడుపు వేరు, గుర్రం కడుపు వేరు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం మరీ తక్కువ. నెలల తరబడి అదే పెడితే ఒళ్లు తనకి కావలసిన కాల్షియాన్ని ఎముకల్లోంచి లాక్కుంటుంది. దవడలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది. ఇవాళ ఈ కాలు, రేపు ఆ కాలు అన్నట్టు కుంటు వస్తుంది. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో పిండిమరల వాళ్లు మిగిలిన తవుడంతా తమ గుర్రాలకే మేపి ఈ జబ్బు తెచ్చేవారు కనక దీనికి మిల్లర్స్ డిసీజ్ అని కూడా పేరుంది. ధాన్యాగారమని చెప్పుకునే నేల మీద ఈ సంగతి గోడలకెక్కించాల్సింది. పాడి కోసం గట్ల మీద పెంచే నేపియర్ గడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వవు. దానికి అచ్చొచ్చింది ఎండుగడ్డి, కాస్త ఉప్పు, నానబెట్టి ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు. ఉలవలేమో ఇప్పుడు హోటళ్లలో ఉలవచారు బిర్యానీకి పోతున్నాయి. దాని దాణా మనం తింటున్నాం, మన మిల్లు ఊడ్పు దానికి పెడుతున్నాం.

గుర్రం పొట్ట చిన్నది, పట్టేది పది పన్నెండు లీటర్లు. రోజులో పదహారు గంటలు కొద్దికొద్దిగా మేయడానికి పుట్టిన జీవి. మేసినా మేయకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. జనరేటరు పక్కన ఐదు గంటలు పస్తుంటే కడుపులో పుండ్లు పడే ముప్పుంది. ఆ తర్వాత ఆకలి మీద ఒక్కసారిగా గంపెడు తవుడు పోస్తే కడుపుశూల. వాంతి చేసుకునే వీలు దానికి పుట్టుకతోనే లేదు. గుర్రాలు చచ్చిపోయే కారణాల్లో శూల ముందు వరసలో ఉంటుంది. పెళ్లిలో ఆకు ముందు కూర్చున్నవాళ్లకి వేడివేడి గారె అందడం రెండు నిమిషాలు ఆలస్యమైతే గొడవ పెట్టుకునే జిల్లాలివి.

గుర్రానికి ఫిజియోథెరపీ అనగానే నవ్వుతారు. "మా అమ్మ మోకాళ్లకే ఫిజియోథెరపీ లేదు, గుర్రానికా?" అని ఒక పెద్దమనిషి నాతోనే అన్నాడు. అమ్మకి చేయించకపోవడం గుర్రం తప్పెలా అయిందో ఆయనే చెప్పాలి. అసలు అందులో ఏముందని అంత నవ్వు? బయల్దేరేముందు పది నిమిషాలు మెల్లగా నడిపించి ఒళ్లు వేడెక్కించడం. పని అయ్యాక అదే పది నిమిషాలు చెమట ఆరేదాకా నడిపించడం. జీను తియ్యగానే వీపు మీద అరచేత్తో మెల్లగా తడుముతూ పోతే, నొప్పి ఉన్నచోట అది వీపు కిందికి వంచుతుంది, చెవులు వెనక్కి పెడుతుంది. అక్కడే కండరం పట్టేసిందని అర్థం. గడ్డిచుట్టతో మెడ నుంచి తొడ దాకా రుద్దడం. కాలు వాస్తే మొదటి రెండు రోజులు చన్నీళ్లు ధారగా పొయ్యడం, ఆ తర్వాతే కాపడం. కేరట్ ముక్క ఒకటి పట్టుకుని ముందుకాళ్ల మధ్యకి, పక్క డొక్కవైపుకి చూపిస్తూ మెడ వంచేలా చేయడం. ఇలా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నెలలు చేయిస్తే వెన్నెముకని పట్టి ఉంచే లోపలి కండరాలు బలపడ్డాయని 2011లో అచ్చయిన పరిశోధన ఒకటి చెబుతోంది. ఆరేడు వారాలకోసారి గిట్ట చెక్కించడం. వీటిలో దేనికి కోటి రూపాయలు కావాలి? చేతులు కావాలి, నీళ్లు కావాలి, కాస్త ఓపిక కావాలి. పైన చెప్పిన వాటిలో సగం పుంజుకి చేస్తున్నవే కదా!

నీళ్ల మాట వచ్చింది కనక. ధనిక దేశాల్లో దెబ్బతగిలిన గుర్రాన్ని మళ్లీ నడిపించడానికి గాజు తొట్టిలో కింద బెల్టు తిరిగే యంత్రాలు కడతారు. నీళ్లు ఒంటి బరువుని మోస్తాయి, కాలి మీద భారం తగ్గుతుంది, కండ మాత్రం పనిచేస్తుంది. దానికి వాళ్లు లక్షలు పోస్తారు. మనకేమో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నుంచీ ఊరూరా కాలువ ఉంది. రేవుంది. అడుగు గట్టిగా ఉన్నచోట నడుంలోతు నీళ్లలో రోజూ కాసేపు నడిపిస్తే కానీ ఖర్చు లేని వైద్యం. ఆ కాలువలు తవ్వించిన కాటన్ దొరని గుర్రం మీద కూర్చోబెట్టి విగ్రహం చేసుకున్నాం, జయంతికి దండలు వేస్తాం, దొర కింద ఉన్న బొమ్మగుర్రానికీ ఒక దండ పడుతుంది. ఆ గుర్రాన్ని మాత్రం ఏడాదికోసారైనా కడుగుతారు.

ఎండ సంగతి చెప్పకపోతే పాపం. వైశాఖం పెళ్లిళ్లలో రాజమండ్రి ఎండకి మనమే పిట్టల్లా రాలతాం. గోదావరి తీరాన ఎండకి ఉక్క తోడు. గాలిలో తేమ ఎక్కువైతే గుర్రం చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఉక్కపోత నేలల్లో కొన్ని గుర్రాలకి కొన్నాళ్లకి చెమట పట్టడమే మానేస్తుంది. ఒళ్లు పొడిగా ఉంది, అలసిపోలేదనుకుని ఇంకా తోలతారు. వేడి మీదున్న గుర్రానికి చన్నీళ్లు తగలకూడదు, తాగించకూడదు అన్నది పాతకాలం నాటి భయం. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ ఎండలో గుర్రాలు ఏమైపోతాయోనని ముందుగా పరీక్షలు చేసి, ఒళ్లంతా చన్నీళ్లు గుమ్మరించడమే ప్రాణం కాపాడుతుందని తేల్చారు. ఆ మాట ఇన్నేళ్లకి కూడా అట్లాంటా నుంచి ఆత్రేయపురం రాలేదు.

గుర్రం తోలే మనిషిని తిట్టి చేతులు దులుపుకుంటే నాకూ తేలికే. తిట్టాల్సిన చోట తిడతాను. ముళ్లున్న కళ్లెం వాడేవాడిని, పుండు మీద జీను కప్పేవాడిని తిట్టకుండా ఎలా ఉంటాం. కానీ ఆ మనిషికి వచ్చేదెంత? ఈవెంట్ వాళ్లు పెళ్లివారి దగ్గర పుచ్చుకునేది ఒకటి, అతని చేతిలో పెట్టేది ఒకటి. మూఢం వస్తే నెలల తరబడి బేరం లేదు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అన్న సామెత అతనికి సామెత కాదు, అప్పు. అతని తాతల కాలంలో రాజమండ్రి స్టేషను ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. ఆ రోజులు బంగారమని నేననను. కొరడా దెబ్బలు, మెడ మీద పుళ్లు అప్పుడూ ఉన్నాయి. కాకపోతే జట్కా సాయిబుకి ఆ గుర్రమే అన్నం. కుంటితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని ఖరారా వేసి ఒళ్లు దువ్వడం, మాలిష్ చెయ్యడం, బండి విప్పాక నాలుగడుగులు తిప్పడం, లద్ది చూసి కడుపు బాగుందో లేదో చెప్పడం అతనికి తెలిసి ఉండేది. లాడాలు కొట్టేవాడు పక్క సందులోనే ఉండేవాడు. రిక్షాలొచ్చాయి, ఆటోలొచ్చాయి, జట్కాలు పోయాయి. జట్కాతో పాటు ఆ చేతివిద్య కూడా మట్టిలో కలిసింది. దాన్ని రాసుకున్నవాడు లేడు, నేర్చుకున్నవాడు లేడు.

రాసుకోవడం మనకి చేతకాక కాదు. సంస్కృతంలో నకులుడి పేరు మీద అశ్వశాస్త్రమే ఉంది, తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం దాన్ని 1952లో అచ్చువేసింది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని పద్యాల్లో గుర్రాల గురించి కావ్యమే కట్టాడు. విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలు కాసిన నకులుడి కథ మన హరికథల్లో నలిగిందే. పురాణం చెప్పించుకునే రోజు కళ్లు తుడుచుకుంటాం, ఊరేగింపు రోజు కళ్లు మూసుకుంటాం.

ఇక ప్రభుత్వం. 1960లో చేసిన జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను చదవండి. ముసలితనం వల్లో, జబ్బు వల్లో, గాయం వల్లో పనికి తగని జంతువుని పనిలో పెట్టినవాడు నేరస్థుడు. పెట్టినవాడు అంటే తోలేవాడొక్కడే కాదు, కుంటుతున్నా ఎక్కి కూర్చున్న మారాజు కూడా ఆలోచించుకోవచ్చు. మొదటిసారి శిక్ష? పది రూపాయలకి తగ్గకుండా, యాభై రూపాయలకి మించకుండా జరిమానా. యాభై రూపాయలు! ఆ ఊరేగింపులో ఒక్క నిమిషంలో కాల్చే టపాకాయ దానికన్నా ఖరీదు. 1965లో బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం విడిగా నిబంధనలు చేశారు. రోజుకి తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు, ఏకధాటిగా ఐదు గంటలు మించకూడదు, వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలే పెట్టకూడదు. గుర్రబ్బండిలో తోలేవాడు, ఆరేళ్లలోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కకూడదు. ముళ్ల కళ్లెం నిషిద్ధం. పొట్టి జాతి తట్టు వీపు మీద 70 కిలోలకి మించి బరువు వెయ్యకూడదు. పెళ్లికొడుకు బరువు కింద వస్తాడో రాడో వకీళ్లు తేల్చుకోవాలి గానీ, దాని నడుముకి మాత్రం ఆ తేడా తెలియదు. ఈ నిబంధనల కింద మనవైపు ఎవరినైనా ఆపిన పోలీసుని చూశారా మీరు? హెల్మెట్ లేదని ఆపే చౌరస్తాలోనే ఊరేగింపుకి దారిచ్చి చెయ్యి ఊపుతాడు.

2001 నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాకీ జంతు హింస నివారణ సంఘం ఉండాలి. 2022లో జిల్లాలు విడగొట్టి కొత్త కలెక్టరేట్లకి బోర్డులు కట్టారు. మీ జిల్లాలో ఆ సంఘం ఆఫీసు ఏ వీధిలో ఉందో పదిమందిని అడిగి చూడండి, పదకొండోవాడు మిమ్మల్నే అడుగుతాడు. పశువైద్యుడి మీద నాకు కోపం లేదు. ఆయన చేతికింద వేల గేదెలు, కోళ్లఫారాలు, గాలికుంటు టీకాలు. గన్నవరంలోనో తిరుపతిలోనో చదువుకున్నప్పుడు గుర్రం పాఠం చదివే ఉంటాడు, ఆ తర్వాత దాన్ని తాకే అవసరం రాక మరిచిపోయి ఉంటాడు. ఆ మరుపుని పోగొట్టే బాధ్యత శాఖది. ఏడాదికి రెండు రోజులు గుర్రాలన్నిటినీ ఒకచోటికి రప్పించి, కాళ్లూ పళ్లూ వీపూ చూసి, గిట్టలు చెక్కించి, తోలేవాళ్లకి మాలిష్ నేర్పించి పంపడానికి ఏ చట్టం అడ్డం? 1962కి ఫోన్ చేస్తే మూగజీవాల అంబులెన్సు వస్తుంది, మంచిదే. తమాషా చూడండి, బ్రిటన్‌లో పశువైద్యుడి పర్యవేక్షణలో జంతువులకి ఫిజియోథెరపీ చెయ్యవచ్చని చట్టంలో రాసుకున్న ఏడాది కూడా 1962. వాళ్లకి అది చట్టమైన ఏడాది, మనకి కూలిపడ్డాక తిప్పే నంబరు.

గుర్రానికి సేవ చెయ్యడం తెలుగుగడ్డకి తెలియదా అంటే, మలక్‌పేట రేసుకోర్సు గుర్రాలని చూడండి. ఎక్స్‌రేలు, ప్రత్యేక డాక్టర్లు, లెక్క ప్రకారం దాణా, పూట పూటకీ మాలిష్. మళ్లీ అదే సంగతి, పందెం ఉంది. పందెం అయిపోయిన గుర్రం గతి ఏమిటో 2025 వేసవిలో చూశాం. హైదరాబాదు నుంచి యాభైకి పైగా గుర్రాలని లారీలకెక్కించి జబల్‌పూర్ పంపారు. మండుటెండలో అంత దూరం వెళ్లి, చేరిన కొద్దిరోజుల్లోనే ఒకదాని వెనక ఒకటి చచ్చిపోవడం మొదలుపెట్టాయి. వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. మన పేపర్లలో రెండ్రోజులు వార్త, మూడోరోజు నుంచి ఐపీఎల్.

"ఎన్ని గుర్రాలున్నాయని ఇంత గోల?" అంటారు. తక్కువే. 2012లో దేశం మొత్తంమీద ఆరు లక్షల పాతికవేల దాకా ఉన్న గుర్రాలు, తట్టులు 2019 పశుగణన నాటికి మూడు లక్షల నలభై రెండు వేలకి దిగాయి. తక్కువున్నాయంటే చూసుకోవడం తేలికని అర్థం. డెల్టాలో ఉన్నవాటిని లెక్కపెట్టడానికి ఒక్క వారం చాలు. లెక్కపెట్టమనే అడుగుతున్నాను.

లెక్కపెట్టాక ఏం చెయ్యొచ్చో చూపించినవాళ్లూ ఉన్నారు. 1930లో డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు ఆవిడ భర్త ఉద్యోగం వల్ల కైరో వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తన దేశం వాడుకుని అమ్మేసిన గుర్రాలు ఆ వీధుల్లో బొమికల గూళ్లై బళ్లు లాగుతున్నాయి. తన దేశపు పత్రికకి ఉత్తరం రాసింది. చదివినవాళ్లు సిగ్గుపడి డబ్బు పంపారు. వేల గుర్రాలని కొని, బాధ తీర్చి, 1934లో అక్కడే ఉచిత ఆసుపత్రి పెట్టింది. బండివాళ్లని జైలుకి పంపలేదు, వాళ్ల గుర్రానికి ఉచితంగా వైద్యం చేసింది. 2015లో బొంబాయి హైకోర్టు విక్టోరియా గుర్రబ్బళ్లు ఆపమన్నప్పుడు తోలేవాళ్లకి బతుకుదెరువు చూపించమని కూడా చెప్పింది. జంతువునీ మనిషినీ కలిపి ఆలోచించడం ఎక్కడా జరగని పనేమీ కాదు.

2027లో గోదావరి పుష్కరాలు. ఇప్పట్నించే ఘాట్ల లెక్కలు, రంగుల లెక్కలు వేస్తున్నారు. శోభాయాత్రలుంటాయి, రథాలుంటాయి, వాటి ముందు గుర్రాలూ ఉంటాయి. ఆ ఏర్పాట్ల ఫైళ్లలో వీఐపీ పార్కింగుకి పేజీలుంటాయి. గుర్రాలకి నీడ, నీళ్లతొట్టి, ఒక పశువైద్యుడు అన్న మూడు మాటలకి అందులో ఒక్క పంక్తి ఇవ్వండయ్యా. బడ్జెట్ చాలదంటే ఫ్లెక్సీలు నాలుగు తగ్గించండి.

పెళ్లివారూ, మీకింకో మాట. బేరం ఆడేటప్పుడు గుర్రం రంగు ఒక్కటే అడక్కండి. నిన్న రాత్రి ఇది ఎక్కడుంది, ఈ వారంలో ఎన్ని ఊరేగింపులు చేసింది, జీను విప్పి వీపు చూపించు, నోట్లో కళ్లెం తీసి చూపించు అనండి. పసుపు బట్టలకి దారం దారం పట్టి చూసే మనకి ఇది చూడటం బరువా? వచ్చాక నీడన కట్టించి, నీళ్లూ ఎండుగడ్డీ ముందు పెట్టించి, డీజేని వంద గజాలు ముందుకి పంపండి. పెళ్లికొడుకు గారూ, మీరు ఎక్కేముందు ఆ గుర్రాన్ని నాలుగడుగులు నడిపించమనండి. తల ఊపిందా, ఎక్కకండి. ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే ఉంచి దాన్ని ఇంటికి పంపించెయ్యండి. మండపం ఆ కనిపించేదే, నడిచి వెళ్లండి. ఇంకో గంటలో ఎలాగూ ఏడడుగులు నడవాల్సిన మనిషే కదా మీరు.